పటం కింద కదిలే మాట



మా అవ్వ పోయిన 11వ రోజు, తిథి నాడు, బాగేపల్లి దగ్గర మా ఊర్లో ఇంటి ముందర షామియానా వేసి, దాని కింద పెద్ద టీవీ ఒకటి పెట్టినాము. అవ్వ ఉన్న పటాలు ఇంటింటా వెతికితే 38 దొరికినాయి. కొన్ని గోడ మీద చెదలు తిన్న ఫ్రేముల్లోవి, కొన్ని ట్రంకు పెట్టెలో చీరల మడతల్లోవి, ఒకటి రేషన్ కార్డు లోపల దాచింది. చింతామణిలో పెండ్లి ఆల్బమ్‌లు, వీడియోలు చేసే పని నాది. 20 ఏండ్లుగా అదే బతుకుదెరువు. అందుకని ఆ పటాలన్నిటినీ వరసగా పేర్చి స్లైడ్ షో చేసే బాధ్యత నా మీదే పడింది. ముందురాత్రి కూర్చొని తెల్లవారుజామున 3 గంటలకి ముగించినాను.

మొదటి పటం మీద ‘శ్రద్ధాంజలి’ అనే మాట పెట్టినాను. అక్షరం తర్వాత అక్షరం పైనించి రాలి వచ్చి వరసలో కూర్చునే ఎఫెక్ట్ వేసినాను. ఆఖర్లో ఎఫెక్ట్ మార్చి, మళ్లీ ఒకసారి చూసుకోకుండా పెన్‌డ్రైవ్‌లో వేసుకొని బయల్దేరినాను. అందరూ కూర్చున్నాక టీవీలో ఏం వచ్చిందో చెప్తాను, మీరు కండ్లు మూసుకొని ఊహించుకోండి. మొదట ‘శ’ రాలింది. దాని పక్కన ఒక పొల్లు గుర్తు ఒంటరిగా రాలింది. ఆ పక్కన ‘ర’ వేరేగా నిలబడింది. ‘ద’ తర్వాత ఇంకొక పొల్లు, ‘ధ’ ఒక పక్క, దాని దీర్ఘం ఇంకో పక్క. ఆ దీర్ఘం కూర్చోను అక్షరం లేక, చుక్కలతో గీసిన ఒక ఖాళీ సున్నాని పట్టుకొని వేలాడింది. ముందు వరసలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల, మా అక్క మనవరాలు, కూడబలుక్కొని చదవబోయి, చదవలేక నా వైపు చూసింది. మా అవ్వకి పెట్టిన మొదటి మాట అట్ల ముక్కలైపోయింది. ఆ పూట నా నోట్లో అన్నం దిగలేదు.

దాని తర్వాత ఇంకొకటి జరిగింది. 17వ పటమో 18వ పటమో వచ్చేసరికి, వెనక కుర్చీలో ఉన్న ఒక పెద్దాయన, “ఎవురమ్మా అవ్వ పక్కన ఆ గౌను పిల్ల?” అని అడిగినాడు. స్టూడియోలో తీసిన నలుపు తెలుపు పటం అది. వెనక గుడ్డ మీద రంగులతో వేసిన తోట. అవ్వ అప్పటికి 30 దాటని మనిషి. పక్కన ఆరేడేండ్ల పిల్ల, తెల్ల గౌను, తల నిండా పూలు. మాలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఎవురికీ తెలీలేదు. ఆ పటం కింద నేను వేసిన రాత ‘తీపి జ్ఞాపకాలు’ అని. గుండ్రంగా తిరుగుతా వచ్చి, మెరిసి, మాయమైపోయింది. చెప్పగలిగిన మనిషి ఆ పటంలోనే ఉంది. అడగడానికి 11 రోజులు ఆలస్యమైంది.

ఆ రెండు తప్పుల గురించే ఈ రోజు మాట్లాడాలని వచ్చినాను. ఒకటి, మన అక్షరాల్ని ఎట్ల కదిలించాలి అనేది. రెండోది, కదిలేదాంట్లో ఏం రాయాలి అనేది. ఇప్పుడు సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో ఎవురో ఒకరు ఈ పని చేస్తున్నారు. నామకరణానికి, పెండ్లి రిసెప్షన్‌లో ఎల్ఈడీ తెర మీదికి, పదవీ విరమణకి, బడి వార్షికోత్సవానికి, తిథికి. పటాలు ఎక్కించి, పాట తగిలించి, ఫోన్ చూపించిన ఎఫెక్టుల్లో ఒకటి నొక్కి వాట్సాప్‌లో పంపుతున్నారు. చేసేవాళ్లు చేస్తానే ఉంటారు, చెయ్యాలి కూడా. కాబట్టి బాగా చెయ్యాలని నా ఆశ.

అసలు పటం కింద రాత ఎందుకు? వెనకటికి ఇంటికి చుట్టాలొస్తే ఆల్బమ్ తెచ్చి ఒళ్లో పెట్టేవాళ్లు. అమ్మో, అత్తో పక్కన కూర్చొని ఒక్కొక్క పేజీ తిప్పుతా, “ఇదిగో, ఈయన మీ మేనమామ, ఇది మా పాత ఇల్లు, ఇప్పుడది లేదు” అని వేలు పెట్టి చెప్పేది. ఆ చెప్పే గొంతు లేకపోతే ఆల్బమ్ మూగది. స్లైడ్ షోలో పటం కింద కదిలే రాత ఆ గొంతుకి బదులు. ఇంతకన్నా పెద్ద నిర్వచనం నాకు అవసరం పడలేదు.

మనవాళ్లకి ఇది కొత్త సంగతి కూడా కాదు. కాళహస్తి కలంకారీ గుడ్డలు చూసినవాళ్లకి తెలుస్తుంది. రామాయణమంతా గళ్లుగళ్లుగా గీసి, ఆ గళ్ల వెంబడి సన్నటి పట్టీల్లో తెలుగులో కథ రాసుకుంటా పోతారు. బొమ్మ చూసి, రాత చదివి, పక్క గడికి కన్ను జరుగుతుంది. బాగేపల్లి దాటి ఉత్తరానికి పోతే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వస్తుంది, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. తెర వెనక దీపం, తెర మీద రంగుల తోలుబొమ్మ, దాని పక్కన పాడే గొంతు. బొమ్మ ఎగిరేది గొంతు ఎగిరినప్పుడే. గొంతు ఆగితే బొమ్మ ఆగుతుంది. నా పనికి నేను పెట్టుకున్న కొలత ఆ ఆటలోనే దొరికింది. తెర మీద మాట కదలాలంటే, చెప్పే మనిషి ఊపిరితో కదలాలి.

ఇప్పుడు మా సీమ సంగతికి వస్తాను. చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి వైపు మాలో ఎందరి ఇండ్లలోనో మాట తెలుగు, బడి కన్నడం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది సినిమా పోస్టర్ల మీద, అనంతపురం పోయే బస్సుల బోర్డుల మీద. మా పిల్లలకి ఆ మాత్రం కూడా సరిగ్గా రాదు. మరి అవ్వ తెలుగులో చెప్పిన మాటని ఏ లిపిలో వెయ్యాలి? తెలుగు లిపిలో వేస్తే పిల్లలు చదవలేరు. మాటని కన్నడంలోకి మారిస్తే అది అవ్వ మాట కాదు. స్టూడియోకి వచ్చేవాళ్లలో చాలామంది ఈ చిక్కు తప్పించుకోను ఇంగ్లీషు అక్షరాల్లో వెయ్యమంటారు. అది నాకు మింగుడు పడదు. అందులో ళకీ లకీ తేడా పోతుంది, దీర్ఘం పోతుంది, మా అవ్వ నోట పలికిన ‘వాళ్లు’ ఎక్కడికో పోతుంది.

దీనికి దారి మా నేల మీదే ఉంది. చింతామణి తాలూకా కైవారంలో కైవార తాతయ్య, యోగి నారేయణ యతీంద్రులు, గాజులమ్ముతా తిరిగిన మనిషి, తెలుగులోనూ కన్నడంలోనూ పాటలు కట్టినారు. 1726లో పుట్టి 1836 దాకా ఉన్నారని మఠంవాళ్లు చెప్తారు. ఆయన తెలుగు కీర్తనలు మా వైపు భజన పుస్తకాల్లో కన్నడ లిపిలోనే అచ్చయి ఉంటాయి. మాట తెలుగు, అక్షరం కన్నడం. మా ఊరి భజన గుంపు అట్లనే చదివి అట్లనే పాడతారు, ఒక్కరికీ అడ్డం రాదు. కాబట్టి మా పిల్లలు చూసే స్లైడ్ షోలో అవ్వ తెలుగు మాటని కన్నడ లిపిలో వెయ్యడానికి ఎవురూ సంకోచపడాల్సిన పని లేదు. ఆంధ్రలో ఉన్న చుట్టాలకి పంపేటప్పుడు అదే వీడియోని తెలుగు లిపిలో ఇంకొకటి చేసుకోవచ్చు.

రెండుసార్లు టైపు చెయ్యాలా అని మీకు అనిపించొచ్చు. అక్కర్లేదు. రెండు లిపులూ ఒక పాత లిపి నుంచే చీలినాయి. కంప్యూటర్ లోపల కూడా వాటిని పక్కపక్క ఇండ్లలోనే పెట్టినారు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక సంఖ్య ఇచ్చిన పట్టికని యూనికోడ్ అంటారు. అందులో తెలుగు వీధి 3072 దగ్గర మొదలై 3199తో ముగుస్తుంది. ఆ పక్క 3200 నుంచి కన్నడ వీధి. తెలుగు ‘క’ సంఖ్య 3093. దానికి 128 కలిపితే 3221, అదే కన్నడ ‘క’. మిగతా అక్షరాలకీ, గుణింతపు గుర్తులకీ దాదాపు అన్నిటికీ ఇదే లెక్క. ఎదురెదురు గడపల్లాగ ఉంటాయి. అందుకే అక్షరముఖ లాంటి లిపి మార్పిడి సాధనంలో తెలుగు రాత వేస్తే క్షణంలో అదే మాట కన్నడ లిపిలో వస్తుంది. మార్చినాక ఒకసారి పైకి చదివి చూసుకుంటే చాలు.

ఒక హెచ్చరిక మాత్రం. మా స్టూడియోల్లో ఇప్పటికీ పాత ఫాంట్లు వాడేవాళ్లు ఉన్నారు. తెలుగుకి అను, కన్నడానికి నుడి పాత రకం. వాటిలో అక్షరానికి సంఖ్య ఉండదు, అక్షరం ముక్కలకే ఉంటుంది. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫ్లెక్సు బోర్డుకి అది సరిపోతుంది. కదిలే రాతకి దాన్ని తెస్తే తలకట్టు ఒక మూలనించి, కొమ్ము ఇంకో మూలనించి ఎగిరొస్తాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు ఫాంటు, తుంగ అనే కన్నడ ఫాంటు యూనికోడ్‌లో ఉన్నాయి. ఆ తర్వాత రామభద్ర, మండలి, గిడుగు లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. కాబట్టి కదిలించే రాతకి యూనికోడ్ ఫాంటే వాడండి.

ఇక మా అవ్వ మాట ఎందుకు ముక్కలైందో చెప్తాను. ‘శ్రద్ధాంజలి’ అని పలికి చూడండి. శ్ర, ద్ధాం, జ, లి. మన నోటికి, మన కంటికి నాలుగే అక్షరాలు. కంప్యూటర్‌కి అవి 11. శ, పొల్లు, ర, ద, పొల్లు, ధ, దీర్ఘం, సున్నా, జ, ల, గుడి. ‘అక్షరం అక్షరంగా కదిలించు’ అని మనం చెప్పినప్పుడు, మన లిపి తెలీని సాఫ్ట్‌వేర్ ఆ 11 ముక్కల్నీ ఒక్కొక్కటిగా విసురుతుంది. ఇంగ్లీషు అక్షరాలు రైలు పెట్టెల మాదిరి పక్కపక్కన నిలబడతాయి. ఏ పెట్టె ముందొచ్చినా దాని ఆకారం మారదు. మన అక్షరం అట్ల కాదు. వత్తు కింద చేరి, గుడి పైన చేరి, అన్నీ కలిస్తేనే ఒక ముఖం వస్తుంది. ముక్కు ఒకసారి, చెవి ఒకసారి వస్తే దాన్ని ముఖం అంటామా?

ఈ సంగతి యూనికోడ్ పెద్దలకి తెలీక కాదు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో, వత్తుతో కూడిన అక్షరాన్ని విడదియ్యకుండా ఒకే ముక్కగా లెక్కపెట్టాలనే నియమం చేర్చినారు. తెలుగు, దేవనాగరి, మలయాళం లాంటి ఆరు లిపుల పొల్లు గుర్తులు ఆ కూర్పు పట్టికలో ఉండినాయి. కన్నడం పొల్లు ఆ పట్టికలో చేరలేదు. అందుకని ఒకే మాట తెలుగు లిపిలో సరిగ్గా రాలి, కన్నడ లిపిలో విరిగే అవకాశం ఉంది. రెండు లిపుల మధ్య బతికే మాబోటివాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఒక లిపిలో సరిచూసి రెండోదాన్ని చూడకుండా పంపకూడదు.

తప్పించుకునే దారి మాత్రం సులభం. పవర్‌పాయింట్‌లో అయితే రాత కదిలే తీరు ఎంచుకునేచోట మూడు మాటలు కనబడతాయి: అంతా ఒకేసారి, పదం పదంగా, అక్షరం అక్షరంగా. మూడోదాని జోలికి పోవద్దు. పదం పదంగా పెట్టుకోండి. ఫోన్‌లో వీడియో చేసే యాప్‌లలో కూడా పదం పదంగానో, వరస వరసగానో అనే ఎంపిక చాలావాటిలో ఉంటుంది. టైపు కొడుతున్నట్టు అక్షరాలు పడే ఎఫెక్ట్ మీకు అంత ముచ్చటైతే, దాని బదులు ఎడమనించి కుడికి తెర జరిగినట్టు రాత బయటపడే ఎఫెక్ట్ వాడండి. అందులో పదం ముందే పూర్తిగా కుదిరి ఉంటుంది, మనకి కనబడడం మాత్రమే మెల్లగా. ఒక్క అక్షరమూ విరగదు.

ఇంకొక చిన్న సంగతి, దీన్ని ఎన్ని పెండ్లి వీడియోల్లో చూసినానో. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తు కింద వత్తు దిగుతుంది. ఇంగ్లీషుని తలుచుకొని చేసిన పెట్టెలో మన రాత పెడితే, ఆ కింది వత్తు సగానికి తెగిపోతుంది. పెండ్లికూతురి పేరులో కింది వత్తు తెగితే ఆ ఇంటివాళ్లకి ఎట్లుంటుంది? రెండు వరసలు వేసినప్పుడు పై వరస వత్తు కింది వరస గుడికి తగులుకుంటుంది. అందుకని వరసల మధ్య ఖాళీ ఒకటిన్నర రెట్లు పెంచండి. అక్షరాన్ని కొంచెం చిన్నది చేసినా పర్వాలేదు గానీ వత్తు మాత్రం పూర్తిగా కనబడాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మాట. ఈ మధ్య రీల్స్‌లో ఒక పద్ధతి వచ్చింది. తెర నడిమధ్య ఒక్కొక్క పదం టక్కున వచ్చి, టక్కున పోయి, ఇంకో పదం దాని జాగాలో వస్తుంది. ఇంగ్లీషుకి అది కొంత కుదురుతుందేమో. ఆ భాషలో ఎవురు, ఏం చేసినారు అనేది ముందే వచ్చేస్తుంది. మన వాక్యంలో అసలు మాట చివర్లో ఉంటుంది. మా ఇంట్లో ఒక పటం ఉంది. దాని కింద రాయాల్సింది ఇది: ‘1974లో కరువు తీరినాక చింతామణి సంతలో తాత కొన్న ఎద్దుల జత.’ ఈ మాటలు ఒక్కొక్కటే వచ్చి మాయమైపోతే, ‘ఎద్దుల జత’ వచ్చేసరికి కరువూ లేదు, సంతా లేదు, తాతా లేడు. చూసేవాళ్ల చేతిలో రెండు ఎద్దులు మిగుల్తాయి. తెలుగు వాక్యం మూట కట్టుకుంటా పోయే వాక్యం. మొదట వేసిన గింజలు మూటలో ఉండాలి, ఆఖర్న ముడి పడాలి. కాబట్టి మన రాతలో వచ్చిన మాట వచ్చినట్టే నిలవాలి. ‘1974లో కరువు తీరినాక’ అని ఒక వరస వచ్చి నిలవాలి. ‘చింతామణి సంతలో’ దాని కింద చేరాలి. ‘తాత కొన్న ఎద్దుల జత’ ఆఖర్న వచ్చి, అన్నీ కలిసి కొంతసేపు ఉండి, అన్నీ కలిసే పోవాలి.

ఎక్కడ విరవాలి అనేది నాకు ఈ రేడియో ప్రసంగమే నేర్పించింది. నా ముందర ఉన్న ఈ కాగితం మీద నేను ఊపిరి తీసుకునే చోటల్లా పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకున్నాను. ఆ గీత ఉన్నచోటే తెర మీది వరస కూడా విరవాలి. ‘చింతామణి’ ఒక వరసలో, ‘సంతలో’ ఇంకో వరసలో పెడితే ఊపిరి మధ్యలో గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. రాసింది పైకి చదవండి. నోరు ఎక్కడ ఆగితే అక్కడ విరవండి.

ఎంతసేపు ఉంచాలి? సినిమాకి సబ్‌టైటిల్స్ వేసేవాళ్లలో పాత లెక్క ఒకటి ఉంది, రెండు నిండు వరసలకి 6 సెకన్లు అని. మన ఇండ్లలో కూర్చునేది ముసలివాళ్లు, పిల్లలు. నేను దానికి ఇంకో రెండు కలుపుతాను. ముందు పటం ఒక్కటే రావాలి, ఆ రెండు సెకన్లు రాత లేకుండా. ముఖం చూసుకోనియ్యండి. తర్వాత రాత రావాలి. అవ్వ తిథి నాడు నేను చేసిన ఇంకో పొరపాటు, 38 పటాల్నీ 3 నిమిషాల పాటకి సర్దడం. ఒక్కో పటానికి 5 సెకన్లు కూడా దక్కలేదు. పటానికి 8 సెకన్లు ఇస్తే మొత్తం 5 నిమిషాలు దాటుతుంది, అంతే. పాటే రెండోసారి మోగితే తప్పేముంది. ఇంకొకటి, సెకనుకి మూడుసార్లకి మించి ఏదీ మిలమిలా మెరవకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకి అది ప్రమాదం, అంతర్జాతీయ నియమాల్లోనే ఆ మాట ఉంది.

కదిలే రాత చేసే మేలు ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీగారు ఒక ఆలోచనని ఎత్తుకున్నారు. టీవీలో సినిమా పాటలొచ్చేటప్పుడు ఆ పాట మాటల్నే అదే భాషలో కింద వేసి, పాడుతున్న మాట రంగు మారేట్టు చేస్తే, చదువు సగంలో ఆగినవాళ్లు పాటతో పాటు చదవడం నేర్చుకుంటారని. 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో ‘చిత్రగీత్’ అనే కార్యక్రమంలో మొదలుపెట్టినారు. తర్వాత ఇంకా ఎన్నో భాషల పాటలకి అది పాకింది. పాట గుండెల్లో ఉంది, అక్షరం కండ్ల ముందర ఉంది, రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. నేను దీన్ని చిన్నగా వాడుకున్నాను. మా అవ్వ పాడిన లాలిపాట ఒకటి మా అక్క ఫోన్‌లో ఉండింది. ఆ గొంతు పెట్టి, పాట మాటల్ని కన్నడ లిపిలో వేసి, ఆమె పలికే మాట పసుపు రంగుకి మారేట్టు చేసినాను. ఇప్పుడు మా అక్క మనవరాలికి ఆ పాట వచ్చు.

ఏం రాయాలి అనే రెండో ప్రశ్నకి వస్తాను. ‘తీపి జ్ఞాపకాలు’, ‘మరపురాని మధుర క్షణాలు’, ఇట్లాంటివి ఎవురి పటం కిందైనా వెయ్యొచ్చు. ఎవురి పటం కిందైనా పనికొచ్చేది ఆ పటానికి పనికి రాదు. ఎవురు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు తీయించుకున్నారు? అది రాయండి. ఊరి పేరు రాసేటప్పుడు కాలం చూసుకోండి. మా చిక్కబళ్లాపుర జిల్లా ఏర్పడింది 2007లో. అంతకు ముందు మేమంతా కోలారు జిల్లా. రాష్ట్రానికి కర్ణాటక అనే పేరు వచ్చింది 1973 నవంబర్ 1న, అంతకు ముందు మైసూరు. 1968 నాటి బడి పటం కింద ‘చిక్కబళ్లాపుర జిల్లా, కర్ణాటక’ అని వేస్తే, పటం వెనక ఉన్న స్టూడియో ముద్రతో అది పొసగదు. పటం వెనక్కి తిప్పి చూడండి. పెన్సిల్ రాత, స్టూడియో ముద్ర, తారీఖు అక్కడే ఉంటాయి. స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా స్కాన్ చేసుకోండి.

తెలీనిదాన్ని మెరిపించకూడదు. గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న, జెండా ఎత్తుదామని చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపినారు. అక్కడ ఇప్పుడు స్తూపం ఉంది, పటాల ప్రదర్శన ఉంది. ఒక బడివాళ్లు స్వాతంత్ర్య దినానికి దాని మీద స్లైడ్ షో చెయ్యమని నా దగ్గరికి వచ్చినారు. చనిపోయినవాళ్ల లెక్క అప్పటి సర్కారు చెప్పింది ఒకటి, జనం చెప్పుకునేది దానికన్నా ఎంతో ఎక్కువ. ఉపాధ్యాయుడు పెద్ద సంఖ్యని ఎర్ర రంగులో, ఒకటి నుంచి పెరుగుతా పోయేట్టు చెయ్యమన్నారు. అట్ల లెక్కపెడుతున్నట్టు చూపిస్తే అది తేలిపోయిన లెక్క అని పిల్లలు నమ్ముతారు. నేను బతిమాలుకున్నాను. చివరికి తారీఖు, ఊరు, జరిగింది, మూడు వరసలు నిలకడగా వేసి, సంఖ్య జాగాలో స్తూపం పటాన్నే 10 సెకన్లు కదలకుండా ఉంచినాము. హాలులో పిల్లలు చప్పుడు చెయ్యలేదు.

అవ్వ పోయిన ఏడాదికి మళ్లీ తిథి వచ్చింది. ఈసారి నేను ఆరు నెలల ముందు నుంచే మొదలుపెట్టినాను. ఆదివారాల్లో పటాలన్నీ సంచిలో వేసుకొని చుట్టాల ఇండ్లకి తిరిగినాను. పెద్దవాళ్ల ముందర ఒక్కొక్క పటం పెట్టి, ఫోన్‌లో వాళ్ల గొంతు పట్టుకొని, “ఇది ఎప్పటిది? పక్కన ఎవురు?” అని అడిగినాను. ఇంటికొచ్చి, విని, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను. ‘వచ్చుచుండగా’ అని సవరించలేదు. వాళ్లు ‘వస్తా’ అంటే ‘వస్తా’ అనే రాసినాను. 38 పటాల్లో 29 పటాలకి మాట దొరికింది. దొరకని 9 పటాలకి ఏ రాతా వెయ్యలేదు.

గౌను పిల్ల సంగతి గుడిబండ వైపు ఉన్న మా నాయన మేనత్త చెప్పింది. ఆమెకి చూపు బాగా తగ్గింది, పటాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. “ఇదా, మన పక్కింటి దర్జీ సాయిబు కూతురు కదా! మురుగమల్ల దర్గాకి పొయ్యినాము. ఆ పిల్ల తల్లికి బాగలేదని మీ అవ్వే ఎత్తుకొని పొయ్యింది. చింతామణిలో బస్సు దిగి పటం తీయించింది” అన్నాది. మురుగమల్ల చింతామణి తాలూకాలోదే. మొక్కులున్నవాళ్లు ఏ మతమని చూడకుండా పోతారు అక్కడికి.

ఏడాది తిథి నాడు అదే షామియానా, అదే టీవీ. పటం వచ్చింది. రెండు సెకన్లు అవ్వా, ఆ పిల్లా. తర్వాత మెల్లగా, ఒక్కొక్క వరసగా రాత వచ్చింది. ‘మురుగమల్ల దర్గా నుంచి వస్తా,’ నిలిచింది. ‘చింతామణిలో దిగి, అవ్వ తీయించిన పటం.’ దాని కింద నిలిచింది. ‘పక్కన, దర్జీ సాయిబు కూతురు.’ ముందు వరసలో ఉన్న ఆ ఎనిమిదో తరగతి పిల్ల, ఇప్పుడు తొమ్మిది, కన్నడ అక్షరాల్లో ఉన్న ఆ తెలుగు మాటల్ని గట్టిగా చదివింది. ‘దర్జీ’ దగ్గర కూడా తడబడలేదు.

ఆమె చదివింది విని, వెనక కుర్చీలో ఉన్న మా నాయన మేనత్త చెయ్యెత్తింది. “వచ్చేటప్పుడు కాదు నాయనా, పొయ్యేటప్పుడు. వచ్చేటప్పుడైతే ఆ గౌను అట్ల తెల్లగా ఉంటుందా?” అన్నాది. షామియానా కింద అందరూ మళ్లీ ఆ పటం చూడాలన్నారు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టినాను. గౌను మీద ఒక్క మరక లేదు, తలలో పూలు వాడలేదు. ఆ రాత్రి చింతామణికి పోయి, పడుకునే ముందు ‘నుంచి వస్తా’ తీసేసి ‘కి పోతా’ అని మార్చినాను.